శిలీంధ్ర పరిశోధనలో జాతి పేరు చాలదు: ట్రఫుల్ కల్చర్లు చెబుతున్న సంగతి

విత్తన దుకాణానికి వెళ్ళిన రైతు ఎవరూ ‘వరి విత్తనం ఇవ్వండి’ అని అడగరు. బీపీటీ 5204 ఉందా, ఎంటీయూ 1010 వచ్చిందా అని అడుగుతారు. జామాయిల్ వేయదలచిన రైతు నర్సరీలో 413 క్లోన్ మొక్కలు దొరుకుతాయా అని వాకబు చేస్తాడు. పంట ఒకటే అయినా రకం మారితే పంటకాలం మారుతుందని, గింజ మారుతుందని, తెగుళ్ళను తట్టుకునే శక్తి మారుతుందని, చివరకు మార్కెట్టులో ధర కూడా మారుతుందని వారికి అనుభవం నేర్పింది. ఈ అవగాహన కల్పించడంలో మన విశ్వవిద్యాలయాల, పరిశోధనా స్థానాల కృషి తక్కువేమీ కాదు.

అదే రైతుకు ఒక శిలీంధ్ర కల్చర్‌ను సిఫారసు చేసేటప్పుడు మాత్రం మనం చాలా సందర్భాల్లో జాతి పేరు చెప్పి ఊరుకుంటున్నాం. ట్రైకోడెర్మా వేయండి అంటున్నాం, మైకోరైజా కలపండి అంటున్నాం, ముత్యపు చిప్ప పుట్టగొడుగు స్పాన్ తెచ్చుకోండి అంటున్నాం. అది ఎక్కడి నుండి వేరుచేసిన కల్చర్, ఎన్నిసార్లు మార్పిడి అయినది, ఏ నేలలో పరీక్షకు నిలిచినది అనే ప్రశ్నలు కరపత్రంలో గాని, కొన్నిసార్లు సిద్ధాంత వ్యాసంలో గాని కనిపించవు. ఈ వ్యాసంలో నేను వాదించదలచినది ఒక్కటే. శిలీంధ్రాల విషయంలో ప్రయోగానికైనా, సిఫారసుకైనా కొలమానం జాతి కాదు, స్ట్రెయిన్. స్ట్రెయిన్ పుట్టుక, వయస్సు, భద్రత నమోదు కాని కల్చర్‌పై వచ్చిన ఫలితం, ఎన్ని పునరావృతాలతో వచ్చినా అసంపూర్ణమే.

ఈ వాదనకు ఉదాహరణగా మన పొలాల్లో లేని ట్రఫుల్ శిలీంధ్రాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ట్రఫుల్ తోట వేసినవాడు మొదటి పంట కోసం ఏళ్ళ తరబడి వేచి ఉండాలి. మొదట్లో జరిగిన పొరపాటు బయటపడేసరికి భూమి, పెట్టుబడి, కాలం మూడూ ఖర్చయిపోతాయి. అందువల్ల యూరప్ శాస్త్రజ్ఞులు కల్చర్ల మధ్య తేడాలను గురించి మనకంటే ముందుగా, మనకంటే లోతుగా ఆలోచించక తప్పలేదు. వారి అనుభవం నుండి మనం ఉచితంగా నేర్చుకోవచ్చు.

ట్రఫుల్ స్వభావం

ట్రఫుల్ అనేది ట్యూబర్ ప్రజాతికి చెందిన ఆస్కోమైసీట్ శిలీంధ్రపు ఫలనాంగం. ఇది భూమి లోపలే పెరిగి, భూమి లోపలే పక్వమవుతుంది. వాసన పట్టే శిక్షణ పొందిన కుక్కలతో వెతికించి దీనిని తవ్వి తీస్తారు. ఇటలీలోని ఆల్బా ప్రాంతపు తెల్ల ట్రఫుల్ ట్యూబర్ మాగ్నేటమ్, ఫ్రాన్సులోని పెరిగోర్ పేరుతో ప్రసిద్ధమైన నల్ల ట్రఫుల్ ట్యూబర్ మెలనోస్పోరమ్, ఇటలీలో బియాంకెట్టో అని పిలిచే ట్యూబర్ బోర్కీ వీటిలో ముఖ్యమైనవి. ఓక్, హేజెల్, పాప్లార్, పైన్ వంటి చెట్ల వేరు కొనలను ఈ శిలీంధ్రం తొడుగులా చుట్టుకొని సహజీవనం చేస్తుంది. దీనినే బాహ్య శిలీంధ్రమూలం, అంటే ఎక్టోమైకోరైజా అంటాం.

‘మైకోరైజా’ అన్న పదం పుట్టుకలోనే ట్రఫుల్‌కు భాగముంది. ట్రఫుల్‌ను సాగు చేసే మార్గం కనుగొనవలసిందిగా ప్రష్యా ప్రభుత్వం ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్‌ను కోరింది. ఆయన సాగు మార్గం చెప్పలేకపోయినా, చెట్టు వేరుకు శిలీంధ్రానికి గల బంధాన్ని గమనించి 1885లో ఆ పదాన్ని ప్రవేశపెట్టాడు. దానికి ముందే, 19వ శతాబ్దపు తొలినాళ్ళలో, ఫ్రాన్సులో జోసెఫ్ తాలోన్ అనే రైతు ట్రఫుల్ కాసే ఓక్ చెట్ల కింది గింజలు నాటి ట్రఫుల్ తోటలకు బాట వేశాడు. 1970వ దశకంలో నర్సరీ మొక్కల వేర్లకు ట్రఫుల్ సిద్ధబీజాలను అంటించే పద్ధతి ఫ్రాన్సులోనూ, ఇటలీలోనూ స్థిరపడింది. నేటికీ వాణిజ్య నర్సరీలలో ఎక్కువగా నడుస్తున్నది సిద్ధబీజాల పద్ధతే.

మన దేశానికీ ఈ ప్రజాతితో సంబంధం లేకపోలేదు. ముస్సోరీ ప్రాంతంలో సేకరించిన నమూనా ఆధారంగా కుక్, మాసీ అనే శాస్త్రజ్ఞులు 1892లో ట్యూబర్ ఇండికమ్ అనే జాతిని వర్ణించారు. చూడటానికి నల్ల ట్రఫుల్‌ను పోలి, రుచిలోనూ ధరలోనూ చాలా తక్కువగా ఉండే ఈ జాతి నేడు ప్రధానంగా చైనా నుండి మార్కెట్టుకు వస్తున్నది. నల్ల ట్రఫుల్ కోసం వేసిన ఒక ఇటలీ తోటలో, చెట్ల వేర్లపై ట్యూబర్ ఇండికమ్ ఉన్నట్లు 2008లో పరిశోధకులు ప్రకటించారు. సిద్ధబీజాల పద్ధతిలో ఏ ఫలనాంగాన్ని నూరి వాడామో సరిగా చూడకపోతే జరిగేది ఇదే. ఇది జాతి స్థాయిలో జరిగిన పొరపాటు కాబట్టి కంటికి, డీఎన్ఏ పరీక్షకు చిక్కింది. స్ట్రెయిన్ స్థాయిలో జరిగే పొరపాటు అంత సులభంగా చిక్కదు.

కల్చర్‌లో కనిపించే తేడాలు

సిద్ధబీజాలకు బదులు శుద్ధ కల్చర్‌గా పెంచిన శిలీంధ్రజాలాన్ని మొక్కలకు అంటించగలిగితే ఏ స్ట్రెయిన్‌ను వాడుతున్నామో మనకు ముందే తెలుస్తుంది. అయితే ట్యూబర్ జాతులు చాలావరకు కల్చర్‌లో మొండికేస్తాయి. ట్యూబర్ మాగ్నేటమ్‌ను వేరుచేసి నిలబెట్టడమే కష్టం. ట్యూబర్ మెలనోస్పోరమ్ పెరుగుతుంది గాని చాలా నిదానం. వీటితో పోలిస్తే ట్యూబర్ బోర్కీ మెరుగు. అందుకే ట్రఫుల్ శిలీంధ్రజాలంపై జరిగిన ప్రయోగశాల పరిశోధనలో పెద్ద భాగం ఈ జాతిపైనే జరిగింది. ఈ నిదానం వల్ల మరో చిక్కు ఉంది. ఫలనాంగపు ముక్కతో పాటు వచ్చిన ఇతర శిలీంధ్రం ఏదైనా త్వరగా పెరిగి పళ్ళెమంతా ఆక్రమిస్తే, దానినే ట్రఫుల్ కల్చర్ అని పొరబడే ప్రమాదం ఉంది. డీఎన్ఏ ఆధారిత గుర్తింపు లేని పాత కల్చర్లను నేడు ఎవరూ నమ్మకపోవడానికి కారణం ఇదే.

ఇటలీలోని బొలోనియా, ఉర్బీనో పరిశోధక బృందాలు 2002లో పలు ట్యూబర్ జాతుల శిలీంధ్రజాలాలను శుద్ధ కల్చర్‌లో పెంచి, వాటి రూపాన్నీ, డీఎన్ఏనూ కలిపి వర్ణించాయి. ఒకే జాతికి చెందిన స్ట్రెయిన్లను పక్కపక్కన పెంచినప్పుడు కనిపించే తేడాలు చిన్నవి కావు. ఒకటి పళ్ళెంపై పలుచగా పాకుతుంది, మరొకటి దట్టంగా కుదురుకుంటుంది. పెరుగుదల వేగం, రంగు, తంతువులు కొమ్మలు వేసే తీరు, గాలిలోకి లేచే తంతువుల మోతాదు మారతాయి. ఒక యానకంలో ముందున్న స్ట్రెయిన్ మరో యానకంలో వెనుకబడవచ్చు. ట్యూబర్ బోర్కీ స్ట్రెయిన్లు అధిక ఉష్ణోగ్రతను తట్టుకునే విషయంలోనూ ఒకేలా లేవని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపింది. వేసవులు ముదురుతున్న యూరప్‌లో ఇది కేవలం ప్రయోగశాల కుతూహలం కాదు. రాబోయే ఏళ్ళలో ఏ తోట నిలుస్తుందో తేల్చే విషయం.

2016లో మరో మేలుమలుపు వచ్చింది. శుద్ధ కల్చర్‌గా పెంచిన ట్యూబర్ బోర్కీ శిలీంధ్రజాలాన్ని అంటించిన మొక్కలు తోటలో ట్రఫుల్స్ కాచినట్లు తొలిసారిగా ఆధారాలతో ప్రచురితమైంది. అంటే, వరిలో రకాన్ని ఎంచుకున్నట్లే ట్రఫుల్‌లో స్ట్రెయిన్‌ను ఎంచుకునే దారి తెరుచుకున్నది. ఆ దారిలో మొదటి అడుగు, మన చేతిలో ఉన్న స్ట్రెయిన్ ఏదో మనకు తెలియడం.

తేడాకు నాలుగు మూలాలు

రెండు పళ్ళేలలోని శిలీంధ్రజాలాలు వేర్వేరుగా ఉన్నాయంటే దానికి కారణం ఒక్కటే కానక్కరలేదు. కనీసం నాలుగు కారణాలను విడదీసి చూడాలి.

మొదటిది, అవి అసలు ఒకే జాతి కాకపోవచ్చు. ఇటలీలో ట్యూబర్ బోర్కీ అని పిలుస్తున్నదానిలో రూపానికి ఒకేలా కనిపించే రెండు జాతులు దాగి ఉన్నాయని 2010లో బహుళ జన్యు విశ్లేషణ తేల్చింది. జామాయిల్, పైన్ నర్సరీలలో విస్తృతంగా వాడిన పైసోలిథస్ విషయంలోనూ ఇదే జరిగింది. పైసోలిథస్ టింక్టోరియస్ అనే ఒక్క పేరు కింద ప్రపంచమంతా వాడిన కల్చర్లలో నిజానికి పలు జాతులు ఉన్నట్లు 2000 దశకపు తొలి సంవత్సరాలలో స్పష్టమైంది. ‘స్ట్రెయిన్ల మధ్య తేడా’ అని మనం నమోదు చేసినది ‘జాతుల మధ్య తేడా’ అయ్యే అవకాశాన్ని మరువరాదు.

రెండవది, నిజమైన జన్యు వైవిధ్యం. ట్యూబర్ మెలనోస్పోరమ్ జీనోమ్ 2010లో ప్రచురితమైంది. సుమారు 12.5 కోట్ల బేస్ జతల పరిమాణం, అందులో సగానికి పైగా చోటు మారగల జన్యు మూలకాలు, ప్రోటీన్లను సంకేతించే జన్యువులు మాత్రం సుమారు 7,500. ఈ వివరాలన్నీ మెల్28 అనే ఒక్క స్ట్రెయిన్‌వి. జాతి జీనోమ్ అని మనం అంటున్నది ఒక వ్యక్తి జీనోమ్. ఆ సంగతి తెలిసిన పరిశోధకులే తరువాత వివిధ భౌగోళిక ప్రాంతాల నమూనాల జన్యుక్రమాలను చదివి వాటి మధ్య విస్తారమైన వైవిధ్యాన్ని చూపారు.

మూడవది, సంయోగ రకం. ఇక్కడ ట్రఫుల్ చరిత్రలో నేర్చుకోదగిన ఒక ఘట్టం ఉంది. చాలా కాలం ట్రఫుల్స్ స్వయంఫలదీకరణ చేసుకుంటాయని భావించారు. ఫలనాంగాల డీఎన్ఏను పరీక్షిస్తే ప్రతి స్థానంలోనూ ఒకే యుగ్మవికల్పం కనిపించడమే ఆ భావనకు ఆధారం. వాస్తవానికి ట్రఫుల్ లోపలి కండ అంతా తల్లి శిలీంధ్రజాలానిదే, అది ఏకస్థితికం. తండ్రి జన్యువులు దట్టమైన గోడ గల సిద్ధబీజాల లోపల ఉండి, సాధారణ పద్ధతిలో తీసిన డీఎన్ఏలోకి రాలేదు. సిద్ధబీజాల డీఎన్ఏను విడిగా పరీక్షించి, ట్యూబర్ మాగ్నేటమ్‌లో పరసంయోగం జరుగుతున్నదని 2006లో ఇటలీ పరిశోధకులు నిరూపించారు. ఆపై ట్యూబర్ మెలనోస్పోరమ్‌లో రెండు సంయోగ రకాలను నిర్ణయించే జన్యువులను గుర్తించారు. ట్యూబర్ బోర్కీ కూడా ఇదే కోవకు చెందినదని 2016లో తేలింది.

దీని ఆచరణాత్మక అర్థం ఏమిటి? ఫలనాంగపు కండ నుండి తీసిన ప్రతి కల్చర్ ఏదో ఒక సంయోగ రకానికే చెందుతుంది. ఆ ఒక్క స్ట్రెయిన్‌తో తోటంతా నింపితే, వేర్లపై శిలీంధ్రమూలాలు ఎంత నిండుగా ఉన్నా, రెండవ రకం బయటి నుండి రానంత వరకు కాపు రాదు. రెండు రకాలూ కలిపి నాటినా సమస్య తీరదు. నర్సరీలో రెండు రకాలూ ఉన్న మొక్క వేర్లపై కాలక్రమంలో ఒకే సంయోగ రకపు స్ట్రెయిన్లు పైచేయి సాధించడాన్ని ట్యూబర్ మెలనోస్పోరమ్‌పై 2011లో ప్రచురితమైన పరిశోధన నమోదు చేసింది. జాతి పేరు మాత్రమే రాసుకున్న ప్రయోగశాలకు ఈ సమస్య ఉన్నట్లే తెలియదు.

నాలుగవది, కల్చర్ వయస్సు, మార్పిడుల సంఖ్య. శిలీంధ్రాన్ని పళ్ళెం నుండి పళ్ళేనికి మార్చుతూ పోతే అది క్రమంగా పళ్ళేనికి అలవాటు పడుతుంది, తన అసలు పనిని మరచిపోతుంది. కీటకాలను చంపే బివేరియా, మెటారైజియం వంటి శిలీంధ్రాలు పదేపదే మార్పిడి చేస్తే సిద్ధబీజాల ఉత్పత్తిని, తీవ్రతను కోల్పోవడం మన విద్యార్థులకు తెలిసిన విషయమే. పైసోలిథస్‌పై అమెరికా అటవీ శాఖకు చెందిన డొనాల్డ్ మార్క్స్ 1981లో ప్రచురించిన పరిశోధన ఈ అంశాన్నే పరిశీలించింది. ఐసోలేట్ ఎక్కడిది, ఎంత వయస్సుది, మొక్క వేరు నుండి తిరిగి వేరుచేసినదా కాదా అనే వాటిని బట్టి శిలీంధ్రమూలాలు ఏర్పడే తీరు మారుతుందని ఆయన చూపారు. అంటే ఒకే స్ట్రెయిన్ కూడా కాలంతో పాటు మారుతుంది. పేరు అదే, సీసా అదే, లోపలి శక్తి మాత్రం అది కాదు.

పళ్ళేల సంఖ్య వేరు, స్ట్రెయిన్ల సంఖ్య వేరు

సస్యశాస్త్రజ్ఞుడిగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది గణాంక సంబంధమైన అంశం. ఒక స్ట్రెయిన్‌ను 5 యానకాలపై, ఒక్కొక్క దానికి 10 పళ్ళేల చొప్పున పెంచి, వ్యాస సారాంశంలో ‘ఈ జాతికి ఫలానా యానకం శ్రేష్ఠం’ అని రాయడం పరిపాటి. ఆ 10 పళ్ళేలు స్ట్రెయిన్ గురించి 10 సాక్ష్యాలు కావచ్చు, జాతి గురించి మాత్రం ఒకే ఒక్క సాక్ష్యం. పళ్ళేల మధ్య తేడా మన చేతి నేర్పునూ, ఇంక్యుబేటర్ స్థిరత్వాన్నీ కొలుస్తుంది. జాతిలో ఉన్న వైవిధ్యాన్ని అది కొలవదు. తప్పు పరిమాణంతో భాగించిన విలువను ఆధారంగా తీసుకొని ‘గణనీయమైన తేడా’ అని ప్రకటిస్తున్నాం.

ఇదే పని పొలంలో చేస్తే మనం ఒప్పుకోం. ఒక్క బీపీటీ 5204ను నాలుగు పునరావృతాలలో వేసి, వచ్చిన నత్రజని మోతాదును వరి పంట అంతటికీ సిఫారసు చేయం. రకానికీ, ప్రదేశానికీ గల పరస్పర ప్రభావాన్ని తేల్చుకోవడానికి బహుళ ప్రదేశ ప్రయోగాలు వేస్తాం. శిలీంధ్రాలలో స్ట్రెయిన్‌కూ, యానకానికీ మధ్య, స్ట్రెయిన్‌కూ, అతిథేయ మొక్కకూ మధ్య సరిగ్గా అటువంటి పరస్పర ప్రభావమే ఉంది. స్ట్రెయిన్‌ను యాదృచ్ఛిక అంశంగా తీసుకొని, వైవిధ్యంలో దాని వాటా ఎంతో లెక్కించడం ఎం.ఎస్సీ. విద్యార్థికి సైతం కష్టమైన పని కాదు. ఉన్న 50 పళ్ళేలనే ఒక స్ట్రెయిన్‌కు కాకుండా 5 స్ట్రెయిన్లకు పంచితే ఖర్చు పెరగదు, జ్ఞానం పెరుగుతుంది.

ట్రఫుల్ పరిశోధన కూడా ఈ లోపానికి అతీతం కాదు. ట్యూబర్ బోర్కీ శరీరధర్మాల గురించి, జన్యు వ్యక్తీకరణ గురించి వచ్చిన వ్యాసాలలో అనేకం ఏటీసీసీ 96540 అనే ఒకే స్ట్రెయిన్‌పై జరిగినవి. అయితే ఒక సుగుణం గమనించాలి. వారు ఆ సంఖ్యను వ్యాసంలో రాశారు. అందువల్ల ఆ ఫలితాలను ఎవరైనా ప్రశ్నించగలరు, అదే స్ట్రెయిన్‌ను తెప్పించి మళ్ళీ చూడగలరు. ఒకే స్ట్రెయిన్‌పై పనిచేయడం పరిమితి, అది ఏదో చెప్పకపోవడం లోపం.

మరో హెచ్చరిక కూడా అవసరం. స్ట్రెయిన్ల మధ్య తేడా కనబడగానే వేగంగా పెరిగేదానిని ఎంచుకోవాలని మనసు లాగుతుంది. చక్కెర నిండిన యానకంపై వేగంగా పెరగడం, చెట్టు వేరుతో ఇచ్చిపుచ్చుకుంటూ బతకడం ఒకే గుణం కాదు. పళ్ళెంలో గెలిచిన స్ట్రెయిన్‌ను ఎంచుకుంటే పళ్ళేనికి తగిన స్ట్రెయిన్ దొరుకుతుంది, తోటకు తగినది దొరుకుతుందన్న హామీ లేదు. కల్చర్‌లోని వైవిధ్యం ఎంపికకు ఆరంభం మాత్రమే. వేరుపై, కుండీలో, పొలంలో పరీక్ష జరగకుండా అది సిఫారసు కాజాలదు.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఈ వాదనకు కొన్ని సమంజసమైన అభ్యంతరాలు ఉన్నాయి. మొదటిది, ట్రఫుల్ రైతులు నేటికీ అసంఖ్యాకమైన జన్యు రకాలు కలిసి ఉన్న సిద్ధబీజాలనే వాడుతున్నారు, పంట తీస్తున్నారు, మరి స్ట్రెయిన్ పట్టింపు ఎందుకు అన్నది. నిజమే. ఆ మిశ్రమంలో ఒక రక్షణ ఉంది. రెండు సంయోగ రకాలూ అందులో ఉంటాయి. ఒక స్ట్రెయిన్ వేడికి వాడితే మరొకటి నిలుస్తుంది. నేను ఒకే ఒక్క మేలైన స్ట్రెయిన్‌తో దేశమంతా నింపమని చెప్పడం లేదు. ఒకే రకంతో వేల ఎకరాలు నింపితే ఏమవుతుందో పైర్ల విషయంలో మనం చూసే ఉన్నాం. వైవిధ్యం కావాలి. అయితే ఏమి కలుపుతున్నామో తెలిసి కలపడం వేరు, తెలియకుండా కలిసిపోవడం వేరు.

రెండవ అభ్యంతరం ఖర్చు. జాతి గుర్తింపుకు వాడే ఐటీఎస్ క్రమం స్ట్రెయిన్లను విడదీయలేదు, దానికి మైక్రోశాటిలైట్ల వంటి సూచికలు కావాలి, ప్రతి జిల్లా ప్రయోగశాలకు అది సాధ్యమా అని అడుగుతారు. సాధ్యం కాకపోవచ్చు. కాని సేకరించిన ఊరు, తేదీ, అతిథేయ మొక్క, మార్పిడి సంఖ్య రాసుకోవడానికి కావలసినది ఒక పుస్తకం, ఒక కలం. ఖరీదైన పరీక్షను రేపు ఎవరైనా చేయగలరు. ఈనాడు రాయని వివరాన్ని రేపు ఎవరూ కొనలేరు.

మన దగ్గర పరిస్థితి

ఈ విషయంలో మన చట్టాలే రెండు విధాలుగా మాట్లాడుతున్నాయి. ట్రైకోడెర్మా వంటి శిలీంధ్రాన్ని జీవ క్రిమిసంహారకంగా నమోదు చేయాలంటే స్ట్రెయిన్ పేరు, దానిని జమ చేసిన సంఖ్య చూపాలి. జీవన ఎరువులు 2006 నుండి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చాయి. అక్కడ ప్రధానంగా కొలిచేది సంఖ్యను. రైజోబియం పొడిలో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలు ఉండాలన్నది అందుకు ఉదాహరణ. సంఖ్య అవసరమే, కాదనను. సంతకు వచ్చిన ఎడ్లు ఎన్నో లెక్కపెట్టినంత మాత్రాన అవి దుక్కికి పనికివస్తాయో లేదో తెలియదు.

పుట్టగొడుగుల పెంపకంలో నష్టం నేరుగా రైతుకు తగులుతుంది. తల్లి కల్చర్‌ను అదేపనిగా మార్పిడి చేస్తూ తయారుచేసిన స్పాన్ బలహీనపడుతుంది. శిలీంధ్రజాలం దూదిలా ఉబ్బుతుంది, పళ్ళెంలో అక్కడక్కడ వేరే తీరుగా పెరిగే చీలికలు కనిపిస్తాయి, పడకలపై కాపు ఆలస్యమై తగ్గుతుంది. అప్పులు తెచ్చి గది కట్టిన స్వయం సహాయక సంఘం సభ్యురాలు గడ్డి నానబెట్టడంలో తనదే లోపమని నమ్ముతుంది. శిక్షణ ఇచ్చిన మనమూ తేమ గురించి, గాలి గురించి మళ్ళీ చెబుతాం. సంచిలోని స్పాన్ ఎన్నవ తరానిదో అడిగే అలవాటు ఆమెకూ లేదు, మనకూ లేదు.

సిద్ధాంత వ్యాసాల పరిస్థితి మరొక విధం. ఒక విద్యార్థి ఎండనకా వాననకా తిరిగి పదుల సంఖ్యలో ఐసోలేట్లు సేకరిస్తాడు. వాటికి తన పేరులోని అక్షరాలతో సంఖ్యలు ఇస్తాడు. పట్టా వచ్చి వెళ్ళిపోయిన తరువాత ఆ స్లాంట్లు ఫ్రిజ్‌లో ఎండిపోతాయి. వాటిలో అత్యుత్తమమని వ్యాసం ప్రకటించిన ఐసోలేట్ రెండేళ్ళ తరువాత ఎక్కడా ఉండదు. ప్రజాధనంతో కనుగొన్న ఒక రకాన్ని విడుదలకు ముందే పారవేసినట్లు కాదా ఇది? చండీగఢ్‌లోని ఎంటీసీసీ, మావులోని జాతీయ వ్యవసాయ సూక్ష్మజీవుల బ్యూరో వంటి భద్రతా కేంద్రాలు ఉన్నది ఇందుకోసమే.

చేయదగిన పనులు

విత్తన రంగంలో మనకు చక్కటి నమూనా ఉంది. బ్రీడర్ విత్తనం, ఫౌండేషన్ విత్తనం, సర్టిఫైడ్ విత్తనం అనే అంచెల వ్యవస్థలో ప్రతి సంచికీ వంశవృక్షం ఉంటుంది. ఎన్నవ తరం దాటితే విత్తనం మార్చాలో అందరికీ తెలుసు. అదే క్రమశిక్షణను శిలీంధ్ర కల్చర్లకు వర్తింపజేయాలన్నదే నా ప్రతిపాదన సారాంశం. దానిని ఐదు పనులుగా చెప్పవచ్చు.

ఒకటి, ప్రతి కల్చర్‌కు పుట్టుక పత్రం ఉండాలి. సేకరించిన చోటు, తేదీ, అతిథేయ మొక్క లేదా పదార్థం, వేరుచేసిన పద్ధతి, గుర్తింపుకు ఆధారం, మార్పిడి సంఖ్య, భద్రపరచిన విధానం అందులో నమోదు కావాలి.

రెండు, సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు, అందులో ముఖ్యమని ప్రకటించిన స్ట్రెయిన్లను జాతీయ భద్రతా కేంద్రంలో జమ చేసి, ఆ సంఖ్యను సారాంశంలోనే ఇవ్వాలి. పరిశోధనా పత్రికలు ఈ సంఖ్య లేని వ్యాసాలను సమీక్షకు స్వీకరించకుండా ఉంటే మార్పు త్వరగా వస్తుంది. ఈ పత్రికతోనే ఆ పని మొదలుపెట్టవచ్చు.

మూడు, జాతి గురించి తీర్మానం చేయదలచినవారు వేర్వేరు చోట్ల నుండి తెచ్చిన పలు స్ట్రెయిన్లపై పనిచేయాలి. ఒకే స్ట్రెయిన్‌పై పనిచేసినవారు ఆ స్ట్రెయిన్ పేరును వ్యాస శీర్షికలో పెట్టాలి.

నాలుగు, తల్లి కల్చర్‌ను శుద్ధ నీటిలో చల్లగానో, అతిశీతల స్థితిలోనో భద్రపరచి, నిత్యం వాడే కల్చర్‌కు మార్పిడుల పరిమితి విధించాలి. సహజీవన శిలీంధ్రాలను నిర్ణీత కాలానికొకసారి మొక్క వేరుపై పెంచి, అక్కడి నుండి తిరిగి వేరుచేసి, శక్తి తగ్గలేదని నిర్ధారించుకోవాలి.

ఐదు, విస్తరణ శాస్త్రవేత్తల కరపత్రాల్లో, శిక్షణల్లో జాతి పేరు పక్కన స్ట్రెయిన్ పేరు, తయారైన తేదీ, ఏ నేలల్లో పరీక్షించినదో తప్పక ఉండాలి. ‘ఏ కల్చర్?’ అని అడగడం రైతుకు నేర్పవలసినది మనమే. రకం పేరు అడగడం నేర్చుకున్నవారికి ఇది నేర్చుకోవడం పెద్ద పని కాదు.

ట్రఫుల్ శాస్త్రజ్ఞులు ఫలనాంగపు కండలోని డీఎన్ఏను మాత్రమే చూసినంత కాలం ఆ శిలీంధ్రపు జీవిత చక్రాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారు. లోపం పరికరాలలో లేదు, పరీక్షకు తీసుకున్న నమూనా దేనికి ప్రతినిధి అని అడగకపోవడంలో ఉంది. మన ప్రయోగశాలల్లో ఈ రోజు ఇంక్యుబేటర్ తలుపు తెరిచే విద్యార్థి ప్రతి పళ్ళేన్నీ చూసి అదే ప్రశ్న వేసుకోవాలి. పళ్ళెం మూతపై జాతి పేరుతో పాటు స్ట్రెయిన్ సంఖ్య, మార్పిడి సంఖ్య, తేదీ ఉన్నాయేమో చూడాలి. లేకపోతే ప్రయోగం మొదలుపెట్టే ముందే మార్గదర్శకుణ్ణి అడగాలి. మార్గదర్శకుల దగ్గర సమాధానం లేకపోతే, అది వెతకడమే ఆ పరిశోధనలో మొదటి పని.